సైకిలుకి కుట్టిన గాలిచొక్కా

మా ఇంట్లో నేను "బయట వాన పడుతోంది" అంటే, మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకున్నాకే ఆరేసిన బట్టలు తీస్తుంది. నా మాటకున్న విలువ అంత. చిరుజల్లుని తుపాను చేసి చెప్పడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న జబ్బు. కాబట్టి ఇప్పుడు రాయబోయేదాంట్లో ఎక్కడన్నా మీకు అనుమానం తగిలితే, మొహమాటపడకుండా సగం తీసేసి చదువుకోండి. ఒక్క మాట మాత్రం ఇస్తాను. ఇందులో పెంచి చెప్పినవి బోలెడుంటాయి గానీ, బొత్తిగా లేనిదాన్ని తెచ్చి పెట్టింది ఒక్కటే. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. ఈలోగా పట్టుకోగలరేమో చూడండి. పట్టుకోలేరు.

మొన్న గురజాల వెళ్ళాను, పెద్దకర్మకి. భోజనమయ్యాక చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి పోతే, గొడ్ల కొట్టం పక్కన మిరపకాయ ఆకారంలో, మనిషి కంటే పొడుగ్గా, తెల్లటి వస్తువొకటి బోర్లించి ఉంది. దాని కింద కోళ్ళు. ఓ పుంజు ముందువైపు కంతలోంచి తల బయటపెట్టి, ఎవరి తాలూకు అన్నట్టు నన్ను ఎగాదిగా చూసింది. ఆ కంత సరిగ్గా ఎక్కడ ఉండాలో తేల్చడానికి ఒక మనిషి ఎండాకాలమంతా సాంబ్రాణి పొగలో కూర్చుని దగ్గాడని ఆ పుంజుకేం తెలుసు!

ఆయన పేరు రాయను. వరసకి నాకు పెదనాన్న. రక్తసంబంధమేమీ లేదు, మేం నరసరావుపేటకి మారకముందు గురజాలలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆయన గురజాలలో తుమ్మితే దాచేపల్లిలో "చిరంజీవ" అనేవాళ్ళు. అంత గొంతు. పొలం ఉంది, మిరపా పత్తీ వేసేవాడు, కొడుకు ఎరువుల కొట్టు చూసుకునేవాడు. ఊరి రాజకీయంలో రెండు పార్టీల్లోనూ చుట్టాలున్నందువల్ల ఎవరు గెలిచినా ఆయనకి లడ్డూ వచ్చేది, ఎవరు ఓడినా తిట్లు వచ్చేవి.

మనుషులు చొక్కా జేబులో ఫోను పెట్టుకుంటారు, పెన్ను పెట్టుకుంటారు. పెదనాన్న పత్తి పెట్టుకునేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు వేళ్ళతో చిటికెడు దూది తుంపి, తల పైకెత్తి, గాల్లోకి వదిలేవాడు. అది ఎటు పోతే అటు చూసేవాడు. మనం చెప్పేది ఆస్తి తగాదా కానీ, పిల్లాడి జ్వరం కానీ, ఆ దూది కింద పడేదాకా ఆయన మన దగ్గర ఉండడు. ఓసారి పెళ్ళిలో సరిగ్గా ముహూర్తం వేళకి దూది వదిలాడు. "గాలి తూరుపు మూల నించి వస్తంది. అక్షింతలు పిల్లమీద ఒక్కటీ పడవు, మొత్తం పంతులు గారికే" అన్నాడు, ఆయనకి మెల్లగా అనిపించే గొంతుతో. పెళ్ళికొడుకుతో సహా అందరికీ వినపడింది. పంతులు గారు కండువా తల మీదికి లాక్కున్నారు.

ఈ గాలి పిచ్చి ఎక్కణ్ణుంచి పట్టుకుందో చెప్పాలంటే ఆయన నడుం దగ్గర మొదలుపెట్టాలి.

పెదనాన్నకి రెంటచింతలలో అక్క ఉంది. కుర్రతనం నుంచీ ఆదివారం పొద్దున్నే సైకిలేసుకుని ఆమె దగ్గరికి పోవడం, ఆమె చేతి మంచినీళ్ళు తాగి, ఆమెతో ఏదో ఒకదాని మీద పోట్లాడి, మధ్యాహ్నానికి తిరిగి రావడం. ఆయనకి దేవుడూ అదే, వ్యాయామమూ అదే. అలాంటిది ఒకనాడు వెన్నుపూస జారింది. నరసరావుపేటలో డాక్టరు ఫిల్ము దీపానికెత్తి చూసి, సైకిలు వద్దు, మోటారు సైకిలు వద్దు, వంగొద్దు, నిటారుగా ఎక్కువసేపు కూర్చోవద్దు అన్నాడట.

"మరి పడుకోవచ్చా?" అని అడిగాడు పెదనాన్న.

"హాయిగా పడుకోండి."

"పడుకుని ఏం చేసినా ఫరవాలేదా?"

డాక్టరు ఏమనుకున్నాడో ఏమో, పక్కనే ఉన్న పెద్దమ్మ వైపు ఓసారి చూసి, "మీ ఓపిక" అన్నాడట. పెద్దమ్మ ఆ ముక్క తలుచుకున్నప్పుడల్లా చెంగుతో నోరు మూసుకునేది.

ఆ తర్వాత ఆదివారాలు కొడుకు కారులో వెనక సీట్లో దిండ్లేసి తీసుకుపోయేవాడు. పెదనాన్న రెండు వారాలు ఓర్చుకున్నాడు. మూడోవారం గోడ మీంచి నాతో అన్నాడు: "ఒరేయ్, కారులో నేను పోటంలా. నన్ను తీసకపోయి దించుతన్నారు. ధాన్యం బస్తా కూడా అట్టాగే పోతది."

ఇంకో నెలకి వాళ్ళ వాకిట్లో ఆ వాహనం వెలిసింది. ఫోనులో ఎవరో పరాయి దేశం వాళ్ళు తొక్కుతుంటే చూశాడట. వెల్డింగు కొట్టులో రెండు పాత సైకిళ్ళు కోయించి, ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి పెట్టించి, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు తీయించి వెనక్కి వాల్చి బిగించాడు. మనిషి వెల్లకిలా ఆనుకుని, కాళ్ళు ముందుకి చాపి, ఎదురుగా ఉన్న పెడల్స్ తొక్కాలి. నడుం మీద బరువు పడదు. ఊళ్ళో దానికి మంచం సైకిలని పేరు పెట్టారు. పెదనాన్న మొదటిరోజు బజారున పోతుంటే, సరిగ్గా తమ మొహం ఎత్తులో మనిషి మొహం ఎదురవడంతో కుక్కలు మొరగడం మానేసి ఆలోచనలో పడ్డాయి.

ఆ ఆదివారమే రెంటచింతల బయల్దేరాడు. దారి పడమటికి. ఎండాకాలం గాలి పడమటి నుంచి. సగం దూరం కూడా పోకముందే ఆ వడగాలి ఆయన్ని రోడ్డుకి అదిమిపెట్టి నిలబెట్టేసింది. కాళ్ళలో సత్తువ అయిపోయింది. చివరికి ఎవరిదో పత్తికంప ట్రాక్టరు మీద సైకిలుతో సహా ఇంటికొచ్చాడు.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, "కంపతో పాటు నువ్వూ వచ్చావా? పొయ్యిలోకి దేన్ని ముందు పెట్టమంటావు?" అంది.

పెదనాన్నకి కోపం రాలేదు. జేబులోంచి దూది తీసి వదిలాడు. అది ఆయన మొహానికే వచ్చి అతుక్కుంది. "తప్పు నా కాళ్ళది కాదే. దీనిది" అన్నాడు, మీసం మీది దూది చూపించి.

పెద్దమ్మ మాట పట్టుదల మాట. ఆ సాయంత్రమే తేల్చి చెప్పేసింది, నన్ను సాక్షిగా పిలిచి మరీ: "ఈసారి పోతే ఒక్కడివే పోవాల. మీ అక్క చేతి నీళ్ళు తాగి ఒక్కడివే రావాల. దారిలో ఎవడన్నా నెట్టినా, లేపినా, బండెక్కించినా, ఒక్కడి చెయ్యి పడినా సరే, ఆ మంచం పాతసామాన్లోడికి ఇచ్చేస్తా. ఆనక నోరు మూసుకుని కారెక్కాల."

"ఇచ్చేస్తే ఇచ్చెయ్" అన్నాడు పెదనాన్న. అని, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

కాళ్ళకి బలం కొత్తగా వచ్చే వయసు కాదు. కాబట్టి గాలిని తప్పించుకోవాలి. మంచం సైకిలుకి చుట్టూ ఒక తొడుగు కావాలి, గాలి దాన్ని గుద్దుకోకుండా పక్కల నుంచి జారిపోయేటట్టు. ఆయన దాన్ని తొడుగనలేదు, డొప్పనలేదు. "సైకిలుకి చొక్కా కుట్టాలిరా" అన్నాడు. అప్పటి నుంచి అది గాలిచొక్కా.

ఏ ఆకారం? అక్కడ మొదలైంది తమాషా.

ఓ రోజు వాళ్ళ వసారాలోకి అడుగుపెడితే పొగ. లోపల పండగో, పూజో అనుకున్నాను. చూస్తే బల్ల మీద టేబుల్ ఫ్యాను, ఫ్యాను ముందు వరసగా ఊదొత్తులు, సాంబ్రాణి, ఆ పొగకి ఎదురుగా చీపురుపుల్లకి గుచ్చి నిలబెట్టిన వంకాయ. పెదనాన్న నేల మీద బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, పొగ వంకాయని ఎటు నుంచి దాటుతోందో చూస్తున్నాడు. కళ్ళు ఎర్రగా, మిరపకల్లంలో పొర్లి వచ్చినట్టున్నాయి.

"చూశావా అబ్బాయ్" అంది పెద్దమ్మ వంటింట్లోంచి. "వెంకటేశ్వరస్వామికి వారానికి ఒక అగరొత్తి. వంకాయకి పూటకో కట్ట. నిన్న దొండకాయకి అయింది, మొన్న నిమ్మకాయకి. ఈ ఇంట్లో కూరలన్నీ హారతి తీసుకున్నాకే పొయ్యి ఎక్కుతన్నాయి."

"ఏమే, నిమ్మకాయ వెనక పొగ ఎట్టా సుడి తిరిగిందో నువ్వు చూళ్ళా? ఆ సుడే మనిషిని వెనక్కి లాగేది!"

"నన్ను లాగేది నువ్వే" అని ఆమె పోపు వేసింది. పొగకి పొగ తోడై, ఆ పూట పరిశోధన చెడిపోయింది.

నిమ్మకాయ పోయింది, దొండకాయ పోయింది, వంకాయ కొంచెం నిలిచింది. గెలిచింది మాత్రం పచ్చిమిరపకాయ. తొడిమ వైపు ఫ్యానుకి పెడితే పొగ దాని ఒళ్ళంతా నిమురుకుంటూ పోయి, మొన దగ్గర రెండు పాయలూ చప్పుడు లేకుండా కలుసుకున్నాయి. అదే మిరపకాయని తిప్పి మొన ముందుకి పెడితే, వెనక తొడిమ దగ్గర పొగ గందరగోళపడింది. పెదనాన్న ఈ రెండూ నాకు చూపించి, నా మొహంలోకి చూశాడు, సినిమాలో హీరో మారువేషం తీసేశాక జనం వైపు చూసినట్టు.

"అంటే మొద్దు వైపు ముందుకా?" అన్నాను.

"మొద్దు వైపు ముందు, మొన వెనక. గాలిని పొడవటం కాదురా పని. గాలిని మళ్ళీ కలపటం."

ఇది టీ కొట్టు దగ్గర ఎవ్వరూ ఒప్పుకోలేదు. బాణం ఉంది, రైలింజను ఉంది, రాకెట్టు ఉంది, అన్నిటికీ మొన ముందే కదా, తిరగేసి కడతావా అని వెక్కిరించారు. పెదనాన్న లేచి చేపల బజారుకి నడిచాడు. వెనక టీ కొట్టు మొత్తం నడిచింది. కృష్ణా నది చేప ఒకదాన్ని తోక పట్టి ఎత్తి, ఎదురుగా చూశాడు, పక్కగా చూశాడు, వెనకనుంచి చూశాడు. చేపలామెకి ఓపిక పోయింది.

"కొంటావా బాబాయ్, లేకపోతే పెళ్ళిచూపులా?"

"అమ్మాయ్, ఇది ఎటు నించి ఈదుద్ది?"

"తల నించి."

"తల లావా, తోక లావా?"

"తలే."

పెదనాన్న టీ కొట్టు వైపు తిరిగి చేపని ఒకసారి ఊపాడు. అంతే. వాదన ముగిసింది. చేప మాత్రం కొనలేదు. చేపలామె తిట్టిన తిట్లు గురజాలలో ఇప్పటికీ కొంతమందికి నోటికొచ్చు.

చొక్కాకి ఎముకలు వెదురు బద్దలు. బుట్టలల్లే వాళ్ళ దగ్గర కూర్చుని చీల్పించుకున్నాడు. చర్మం కోసం ముందు యూరియా సంచులు విప్పి కుట్టాడు. అవి గాలికి టపటపా కొట్టుకుని, అల్లంత దూరం నుంచి వస్తుంటే పెళ్ళి బ్యాండనుకుని పిల్లలు పరుగెత్తుకొచ్చారు. నున్నటిది కావాలి, బిగుసుకునేది కావాలి, తేలిగ్గా ఉండాలి. పల్నాడులో నున్నగా, బిగువుగా, ఊరికే దొరికేది ఒకటే: ఎన్నికలైపోయాక మిగిలిన ఫ్లెక్సీ.

ఇక్కడ ఆయన చాలా తెలివిగా నడుచుకున్నాననుకున్నాడు. ఒక పార్టీ ఫ్లెక్సీయే వాడితే రెండో వైపు చుట్టాలు ఊరుకోరు. కాబట్టి కుడి పక్కకి ఈ పార్టీ వాళ్ళది, ఎడమ పక్కకి ఆ పార్టీ వాళ్ళది, కొలిచి సమానంగా కోశాడు. ఆ పైన బొమ్మలు లోపలికి, తెల్లటి వెనక భాగం బయటికి. ముందు ముక్కు దగ్గర రెండూ కలిపి కుట్టు. ఎండకి లోపల ఉడికిపోకుండా, పొగతో లెక్క చూసి, ముక్కుకి కాస్త కింద గాలి రావడానికి ఒక కంత, తోక దగ్గర గాలి పోవడానికి ఇంకో కంత. చూసుకోవడానికి పైన పారదర్శకం ప్లాస్టిక్ కిటికీ. చొక్కాని కారు డిక్కీ మూతలాగా లోపలి నుంచే ఎత్తి దిగొచ్చు. ఒక్కరి చెయ్యి అక్కర్లేదు.

చివరగా పోగులు. పూలు కట్టే దారం బెత్తెడు ముక్కలు తుంచి, చొక్కా ఒళ్ళంతా ఒక్కో కొస జిగురుతో అంటించాడు. ఒకటి సరిగ్గా కిటికీకి ముందు, తనకి కనపడేటట్టు. నేను స్కూటరు మీద పక్కనే పోతూ వాటిని చూసి చెప్పాలి.

"పోగులు ఏమంటన్నాయిరా?" అనేవాడు లోపలి నుంచి. "పడుకుంటే గాలి ఒప్పుకున్నట్టు. లేచి ఆడితే తగువులాడతన్నట్టు."

ఎక్కడ తగువైతే అక్కడ మళ్ళీ కుట్లు విప్పడం, బద్ద సరిచెయ్యడం. దర్జీ కూడా కొత్త అల్లుడి చొక్కాకి అన్నిసార్లు కొలతలు తీయడు. ఆ "పోగులు ఏమంటన్నాయి" ఆయనకి ఊతపదమైపోయింది. పెద్దమ్మ అలిగిందా లేదా అని నన్ను వాళ్ళింటికి ముందు పంపి, గోడ అవతలి నుంచి అడిగేది కూడా అదే: "పోగులు ఏమంటన్నాయిరా?"

సరే. ఆ ఆదివారం వచ్చింది.

పొద్దున్నే పడమటి గాలి లేచింది. గాలంటే గాలి కాదు. టీ కొట్టతను ఒకడి గ్లాసులో పోస్తే టీ పక్కవాడి గ్లాసులో పడుతోంది. రెంటచింతల వైపు ఎగరబోయిన కాకులు రెక్కలాడిస్తూనే వెనక్కి, గురజాల వైపుకి వచ్చేస్తున్నాయి. పెదనాన్న దూది వదిలాడు. అది కారంపూడి దాకా పోయి ఉంటుంది. "వచ్చాడ్రా" అన్నాడు గాలిని, చుట్టాన్ని పిలిచినట్టు. లోపలికి దూరి పడుకుని చొక్కా మూసుకున్నాడు. నేను స్కూటరు మీద వెనక. నా పని చూడ్డమే; ముట్టుకోకూడదు. పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడింది.

ఊరు దాటాక గాలి మొహం మీద పడింది. నా స్కూటరే మూలిగింది. కానీ ముందు ఆ తెల్ల మిరపకాయ మెల్లగా, ఆగకుండా పోతోంది. పోగులన్నీ నూనె రాసి దువ్విన జుట్టులాగా అణిగి ఉన్నాయి.

"ఏమంటన్నాయిరా?"

"పడుకున్నాయి పెదనాన్నా! అన్నీ పడుకున్నాయి!"

లోపలి నుంచి నవ్వు వినపడింది. కంతలోంచి బయటికి వచ్చేసరికి అది పెద్ద నవ్వయింది.

ఇంతలో సూర్యుడు మా వీపు వెనక పైకి లేచాడు. అప్పుడు జరిగింది ఆయన లెక్కలో లేనిది. ఫ్లెక్సీకి వెనక నుంచి వెలుతురు పడితే బొమ్మ ముందుకి కనపడుతుంది కదా. ఎదురుగా వచ్చేవాళ్ళకి ఆ తెల్ల చొక్కా మీద మనిషి మొహం వెలిగింది. కుడి చెంప ఈ నాయకుడిది, ఎడమ చెంప ఆ నాయకుడిది. మధ్యలో కుట్టు దగ్గర ఇద్దరికీ కలిపి ఒకటే ముక్కు. కింద నమస్కారం, ఒక చెయ్యి ఈయనది, ఒక చెయ్యి ఆయనది. గాలి కోసం కోసిన కంత, మీరు నమ్మరు, సరిగ్గా నోటి దగ్గర. చట్టసభలో ఎదురుబొదురు కూర్చోవడానికి కూడా ఇష్టపడని ఇద్దరు పెద్దమనుషులు ఒకే మొహమై, నోరు తెరిచి, జనానికి దండం పెట్టుకుంటూ రోడ్డు మీద వస్తున్నారు.

దారి మధ్యలో టీ కొట్టు. అక్కడ బెంచీలు రెండు. ఒకటి ఒక పార్టీది, ఇంకోటి ఇంకో పార్టీది. టీ మాత్రం ఒకటే డేగిశాలోది. రెండు బెంచీలూ ఒకేసారి లేచాయి.

"పొత్తు కుదిరిందా?" అన్నాడొకడు, భయంగా.

"ఎవడ్రా మా నాయకుడి చెంప కోసింది?" అని ఈ బెంచీ నుంచి ఒక తువ్వాలతను రోడ్డుకడ్డం వచ్చాడు.

"మీ నాయకుడి చెంప సంగతి తర్వాత, మా నాయకుడి చెవి ఏది?" అని ఆ బెంచీ నుంచి ఒక కళ్ళజోడతను.

పెదనాన్న బ్రేకు వేశాడు. మొహం నోట్లోంచి ఆయన గొంతు వచ్చింది: "జరగండిరా, రెంటచింతల పోవాల!"

నాయకుడే మాట్లాడాడనుకుని వెనకున్న ఒకడు భక్తిగా చెప్పులు విప్పేశాడు.

తువ్వాలతను ముందుకొచ్చి, తన నాయకుడి చెంప ఊడదీసుకుపోదామని చెయ్యి చాపాడు. కళ్ళజోడతనూ అటు నుంచి చాపాడు. ఒక్క వేలు తగిలిందా, మంచం సైకిలు పాతసామాన్లోడికి, పెదనాన్న కారు వెనక సీటుకి. స్కూటరు పడేసి "చెయ్యి వెయ్యొద్దు! చెయ్యి వెయ్యొద్దు!" అని అరిచాను. కరెంటు ఉందనుకుని ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణమే చాలింది.

"చింపుకోండిరా" అంది ఆ నోరు, తాపీగా. "నీ సగం నువ్వు చింపుకో అబ్బాయ్. మిగిలిన సగం రెంటచింతల దాకా ఒంటరిగా ఊరేగుద్ది. మధ్యలో ఎన్ని ఊళ్ళున్నాయో లెక్క చూసుకో."

తువ్వాలతను చెయ్యి గాల్లోనే ఉంచి కళ్ళజోడతన్ని చూశాడు. కళ్ళజోడతను తువ్వాలతన్ని చూశాడు. నువ్వు ముందు తియ్యి అంటే నువ్వు ముందు తియ్యి అన్నట్టు. రెండు చేతులూ ఒకేసారి, కొలిచినట్టు సమానంగా, వెనక్కి పోయాయి.

"అయినా ఇదేంది పెద్దాయనా, మా ఇద్దర్నీ కలిపి కుట్టావు?"

"గాలికి పార్టీ లేదురా. నాకు ముక్కు కావాల, ఎవడిదైతేనేం?" అని పెదనాన్న పెడల్ తొక్కాడు. రెండు బెంచీల వాళ్ళూ దారిచ్చారు. వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ "జిందాబాద్" అన్నారు, ఎవరికో చెప్పకుండా.

రెంటచింతల ఎండ గురించి నేను పెంచక్కర్లేదు. మే నెలలో అక్కడ పెనం వాకిట్లో పెట్టి, చల్లార్చడానికి పొయ్యి మీదికి ఎక్కిస్తారు. పెదనాన్న అక్క వాకిట్లో నీళ్ళు చల్లుకుంటూ ఉంది. నోరు తెరుచుకున్న తెల్ల మిరపకాయ వచ్చి గుమ్మం ముందు ఆగేసరికి చెంబు వదల్లేదు, అరవలేదు. ఆమె కూడా ఆ ఇంటి మనిషేగా.

"ఏందిరా, మోసేవాళ్ళు కూడా లేకుండా పడుకుని వచ్చావు?" అంది.

"నీళ్ళు పొయ్యక్కా."

"లేచి తాగు."

"లేవలేను. ఇట్టాగే పొయ్యి."

ఆమె ఆ నోట్లో నీళ్ళు పోసింది. లోపల గుటకల చప్పుడు. తర్వాత ఇద్దరూ, ఆ కంత ఇవతలా అవతలా, అమ్మ నగలు ఎవరికి పోవాలన్న దాని మీద ఎప్పట్లాగే పోట్లాడుకున్నారు. అదయ్యాక పెదనాన్న తనంతట తనే చొక్కా ఎత్తి దిగాడు. చెమటకి ఆయన ఒళ్ళంతా చెరువు. వసారాలో కాసేపు నడుం వాల్చి, నీడ సాగాక మళ్ళీ దూరాడు. తిరుగు దారిలో గాలి వెనక నుంచి నెట్టింది.

ఇంటి దగ్గర పెద్దమ్మ నిలబడ్డ చోటే ఉంది. ముందు ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. "ఎవడన్నా చెయ్యేశాడా?"

"రెండు చేతులు వచ్చాయి పెద్దమ్మా. వచ్చినయ్యి వచ్చినట్టే పోయాయి."

ఆమె సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది. పోగు ఒకటి ఊడిపోయి ఉంటే, నోటితో తడిచేసి వేలితో అంటించింది. "కాళ్ళు కడుక్కుని రా. పప్పు చల్లారిపోయింది" అని లోపలికి పోయింది. సైకిలు ఇంట్లోనే ఉండిపోయింది. పాతసామాన్లవాడు ఆ వారం వీధిలో అరుచుకుంటూ పోతే, పెద్దమ్మ బిందె ఒకటి వేసి పంపేసింది.

ఇదీ కథ. ఇప్పుడు మాట ప్రకారం చెప్పాలి.

మీరు అనుకున్నది నాకు తెలుసు. ఒకే మొహంలో ఇద్దరు నాయకులు, అదే కదా? అది అచ్చంగా జరిగింది. చెప్పులు విప్పినవాడితో సహా. కావాలంటే ఆ టీ కొట్టుకి పోయి ఏ బెంచీలో కూర్చున్నా చెబుతారు, తమ చెంపే పెద్దదని. వంకాయ నిజం. చేప నిజం. నోట్లో నీళ్ళు పోసింది నిజం.

గాలి అబద్ధం.

ఆ ఆదివారం ఆకు కదల్లేదు. టీ ఎవరి గ్లాసులో వాళ్ళకే పడింది. కాకులు ఎటు పోవాలనుకుంటే అటే పోయాయి. పెదనాన్న వదిలిన దూది తిన్నగా దిగి ఆయన చెప్పు మీదే పడింది. గాలి లేని రోజున అంత మెల్లగా పోయే బండికి చొక్కా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అది నాకంటే ఆయనకే బాగా తెలుసు. దారి పొడుగునా కిటికీ ముందున్న పోగు ఆయన కళ్ళెదుటే ఊరికే వేలాడుతూ ఉంది. "ఏమంటన్నాయిరా" అని ఆ రోజు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఇంటికొచ్చి దిగాక నేను "గెలిచావు పెదనాన్నా" అంటే, "ఎదుటోడు రాకపోతే గెలిచినట్టు ఎట్టా అయితదిరా?" అన్నాడు.

గాలి ఉన్న రోజు చూసుకుని మళ్ళీ పోతానన్నాడు. పెద్దమ్మ వినలేదు. సైకిలు నీదే, పో, కానీ గాలి లేని రోజే పో అంది. అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం తెల్లారి ఆమే ఆయన జేబులోంచి దూది తీసి గుమ్మంలో నిలబడి వదిలేది. తిన్నగా పడితే పొమ్మనేది. పక్కకి పోతే తలుపేసేది. ఆ చొక్కా అసలు పనిచేస్తుందా లేదా అన్నది తెలియకుండానే, నిద్రలో, వెల్లకిలా పడుకునే, పోయాడు పెదనాన్న.

కర్మ రోజు పెరట్లో నేను కోళ్ళ వైపు చూస్తూ నిలబడితే పెద్దమ్మ వచ్చింది. పుంజు తలని లోపలికి తోసింది. పోగులు చాలా వరకు కోళ్ళు పొడుచుకు తినేశాయి.

"ఆయన గురించి రాస్తావంట గదా" అంది.

"రాద్దామనుకుంటున్నా పెద్దమ్మా."

మిగిలిన పోగొకదాన్ని వేలితో అణిచింది. తర్వాత మెల్లగా అంది: "రాస్తే, ఆ రోజు గాలి ఉందని రాయిరా. నీకు అలవాటే గదా."

అందుకని రాశాను. అలవాటు కొద్దీ, కొంచెం గట్టిగానే వీయించాను.